రోడ్డు మేస్త్రి అడిగిన మాట

మన క్రైస్తవ సంఘ మాసపత్రికలో పోయిన నెల ఆఖరి పేజీలో, కోత పండుగ వార్తకు కింద, రెండు వాక్యాలు పడ్డాయి. మా ఊరి పాత గుడిలో చాలాకాలం ప్రార్థన నడిపిన పెద్దమనిషి కాలం చేశారని మొదటిది. పెద్దలు ఎంత పిలిచినా రాక, కడపటి ఏళ్ళలో ఆయన సహవాసానికి దూరంగా ఉండిపోయారని రెండోది. మొదటి వాక్యం నిజం. రెండోది అబద్ధం. అది రాసి పంపినవాళ్ళను తప్పు పట్టను. వాళ్ళకు తెలిసింది రాశారు. వాళ్ళకు అలా తెలియడానికి కారణం నేను.

ఆయన పేరు ఇక్కడ మళ్ళీ రాయను. ఆ వాక్యం పక్కన చూశాక రాయడానికి చెయ్యి రావడం లేదు. ఊళ్ళో కూడా ఆయన్ని పేరుతో పిలిచినవాళ్ళు తక్కువ. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు పోయే రోడ్డు మీద గ్యాంగు మేస్త్రిగా పని చేసేవాడు కాబట్టి అందరికీ రోడ్డు మేస్త్రి. నాకు మాత్రం పెద్దనాయన. చుట్టరికమేమీ లేదు, పిలుపే.

ఆయన్ని తలచుకుంటే ముందు నడక కనబడుతుంది. తల వంచుకొని, రోడ్డు అంచున, గుంతలు వెతుక్కుంటూ నడిచేవాడు. ఆదివారం తెల్ల పంచె కట్టుకొని గుడికి వచ్చేటప్పుడు కూడా అదే నడక. దారిలో కంకరరాయి పైకి లేచి కనబడితే ఆగి, మడమతో అణగదొక్కి, పంచె దులుపుకొని మళ్ళీ కదిలేవాడు. ఒకసారి శవం వెంబడి సమాధుల దొడ్డికి పోతున్నప్పుడు కూడా గుంత దగ్గర ఆగిపోయాడు. "చూసుకొని రాండబ్బా, మోసేవాళ్ళ కాళ్ళు మెలిక పడతాయి" అని అందరూ దాటిందాకా అక్కడే నిలబడ్డాడు. బస్సు డ్రైవర్లు ఆయన్ని చూస్తే హారన్ కొట్టేవాళ్ళు. దుమ్ములో మునిగిపోతూనే చెయ్యెత్తి వాళ్ళను సాగనంపేవాడు.

మా గుడిని పెద్దగా ఊహించుకోకండి. నాపరాళ్ళ గోడలు, మట్టి మిద్దె, ఒక తలుపు, రెండు కిటికీలు. మాకంటూ అయ్యగారు లేరు. అభిషేకం పొందిన అయ్యగారు జమ్మలమడుగు నుంచి ఏడాదిలో ఎప్పుడో వచ్చేవారు. బాప్తిస్మాలూ పెండ్లిళ్ళూ ఒకే పూటలో ముగించి, రొట్టె, ద్రాక్షరసం పాత్ర ఇచ్చి పోయేవారు. తక్కిన ఆదివారాలన్నీ ప్రార్థన పుస్తకం పట్టుకొని నడిపేది మేస్త్రే. ఆయన్ని ఎవరూ ఎన్నుకోలేదు, ఆయనా అడగలేదు. అంతకుముందు చదివే ముసలాయనకు చూపు తగ్గి, ఒక ఆదివారం ప్రార్థన మధ్యలో పుస్తకాన్ని పక్కమనిషి ఒళ్ళో పెట్టాడట. ఆ పక్కమనిషి ఈయన. అంతే జరిగింది.

పాట ఎత్తుకోవడం మాత్రం ఆయన వల్ల అయ్యేది కాదు. ఎప్పుడూ పైశ్రుతిలో మొదలుపెట్టేవాడు. రెండో చరణానికల్లా ఆడవాళ్ళ గొంతులు కూడా అందక ఆగిపోయేవి.

"ఏంది మేస్త్రీ, అందర్నీ మిద్దె ఎక్కిచ్చి నిచ్చెన తీసేస్తివి" అని యాకోబు ఒకసారి గుడిలోనే అనేశాడు.

"దిగేది నువ్వు నేర్పు యాకోబా, నాకు ఎక్కేదొకటే వచ్చు" అన్నాడు ఆయన. గుడంతా నవ్వింది.

యాకోబు నా భార్య తండ్రి. సంఘంలో పెద్దల్లో పెద్ద. వాళ్ళిద్దరూ ఒకే ఈడువాళ్ళు, చిన్నప్పటి నుంచి స్నేహితులు. ఆ సంగతి తర్వాత జరిగినదాన్ని బట్టి ఎవరూ నమ్మరు కాబట్టి చెబుతున్నాను.

బైబిల్లో వంశావళులు వచ్చే అధ్యాయాలను ఆయన ఒక్క పేరు వదలకుండా, కూడబలుక్కుంటూ చదివేవాడు. "ఇవి దాటేద్దాం పెద్దనాయనా, అందరూ ఆవులిస్తాండారు" అన్నాను ఒకసారి.

"ఒక్కో పేరు ఒక్కో తల్లి పెట్టుకున్నెది అయివారూ. మనం దాటేస్తే ఆ తల్లికి ఎట్లుంటాది?" అన్నాడు. ఊళ్ళో చిన్నబడిలో ఉద్యోగం వచ్చినప్పటి నుంచి నన్ను అయివారూ అనే పిలిచేవాడు. అందులో సగం ఎగతాళి, సగం ముద్దు.

ప్రసంగం చేసేవాడు కాదు. ఆ సమయం వచ్చేసరికి పుస్తకం మూసి, "ఈ వారం ఎవురెవురికి ఏమైందో చెప్పండబ్బా" అని అడిగేవాడు. ఒకరి ఎద్దు కుంటుతోంది. ఒకరి కోడలు పుట్టింటి నుంచి రానంటోంది. ఒకరి చెనిక్కాయ చేనికి తెగులు తగిలింది. అన్నీ విని, కళ్ళు మూసుకొని, ఎద్దునూ కోడలినీ చేనునూ వరసగా దేవుడికి అప్పజెప్పేవాడు. ఆ తర్వాతే ఏలికల కోసం చేసే ప్రార్థన. పుస్తకంలో అచ్చయిన రాజు పేరు మీద కాగితం ముక్క అతికించి మద్రాసు ప్రభుత్వమని రాసుకున్నాడు. ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయినప్పుడు దాని మీద ఇంకో ముక్క. హైదరాబాదుకు మారినప్పుడు ఇంకోటి. ఆ పేజీ అట్ట మాదిరి తయారైంది. "మళ్ళా మార్చినారంటే పుస్తకం మూత పడదు, దేవుడే చూసుకోవాల" అనేవాడు.

ప్రార్థన అయినాక గుడి బయట నీడలో తన తువ్వాలు పరిచి బొరుగులు, వేయించిన చెనిక్కాయ విత్తనాలు కుప్ప పోసేవాడు. చుట్టూ కూర్చొని అందరం ఆ కుప్పలోనే చెయ్యి పెట్టేవాళ్ళం. పిల్లలు విత్తనాలు మాత్రం ఏరుకుంటే చేతి మీద చిన్న దెబ్బ వేసి, "బొరుగులు కూడా దేవుడు చేసినవేరా" అనేవాడు. సంతకు పోయే దూదేకుల సాయిబు దారిలో కనబడితే కేక వేసి పిలిచి, గుప్పెడు తినిందాకా పోనిచ్చేవాడు కాదు. ఆయనకు ఇంట్లో ఎవరూ లేరు. పెళ్ళాం తొలి కాన్పులోనే పోయిందని మా అమ్మ చెప్పింది. ఆయన నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. గుడి పక్క గదిలో ఒక్కడే వండుకొని తినేవాడు. ఆదివారం ఆ కుప్ప చుట్టూ కూర్చున్నప్పుడే ఆయన నలుగురితో కలిసి తినడం.

ఆ కుప్ప దగ్గరే తేడా మొదలైంది.

రోడ్డు గ్యాంగులో కంకర కొట్టడానికి రాజుపాలెం వైపు నుంచి పుల్లన్న, ఓబులమ్మ అనే ఆలుమగలు వచ్చారు. వాళ్ళు మాదిగలు, మేము మాలలం. వాళ్ళూ మాలాగే బాప్తిస్మం తీసుకున్నవాళ్ళే. ఊరి బావిలో నీళ్ళు తోడే హక్కు మాకూ లేదు, వాళ్ళకూ లేదు. అయినా మా రెండు పేటల మధ్య గీత ఒకటుంది. బాప్తిస్మపు నీళ్ళకు కూడా అది చెరగలేదు.

మేస్త్రి ఒక ఆదివారం వాళ్ళను వెంటబెట్టుకొని వచ్చి, మగవాళ్ళ వరసలో నడుమ పుల్లన్ననూ, ఆడవాళ్ళ వరసలో నడుమ ఓబులమ్మనూ కూర్చోబెట్టాడు. ప్రార్థన ఎప్పటిలాగే జరిగిపోయింది. బయట కుప్పలోకి పుల్లన్న చెయ్యి రాగానే మాత్రం కొన్ని చేతులు వెనక్కి పోయాయి. వాటిలో నాదొకటి.

తర్వాతి వారం మా ఆడవాళ్ళు ఎవరి బొరుగులు వాళ్ళు కొంగుల్లో కట్టుకొని వచ్చారు. మేస్త్రి చూశాడు. "శానా మంచిదమ్మా, ఈ వారం బొరుగులు పెరిగినాయి" అంటూ తువ్వాలు రెండు చేతులా పట్టుకొని ఒక్కొక్కరి ముందర నిలబడ్డాడు. ఒకరిద్దరు మొహమాటపడి పోశారు. తక్కినవాళ్ళు కొంగు బిగించుకొని ఇంటిదారి పట్టారు.

ఇంతలో అయ్యగారు వచ్చే ఆదివారం దగ్గర పడింది. ఆ రోజు రొట్టె విరిచి ఇస్తారు, అందరూ ఒకే పాత్రలో తాగాలి. మా మామా, ఇంకొందరు పెద్దలూ మేస్త్రి గదికి పోయారు. నేను వాళ్ళ వెనక వాకిట్లో నిలబడ్డాను.

"ఆ ఒక్క దినం వాళ్ళను రావద్దని చెప్పు మేస్త్రీ. తక్కిన వారాలు మేమేమన్నా అంటాండామా?" అన్నాడు మా మామ.

"నేను చెప్పలేను యాకోబా."

"నీ గ్యాంగులోళ్ళే గదా. రేపు పనికి రావద్దంటే మానుకోరా?"

"పనికైతే చెప్తా. ఆడ మేస్త్రిని నేను. ఈడ మేస్త్రి నేనేనా?"

"అట్లయితే మేము రాము."

"వచ్చేయండబ్బా. కోపముంటే కోపంతోనే రాండి. ఇండ్లలో కూర్చొని చేసేదేముంది?"

మేము పోలేదు. ఆ ఉదయం నేను మా మామ కొట్టం దగ్గర నిలబడి, అయ్యగారి జట్కా గుడివైపు పోవడం చూశాను. ఎప్పుడూ మధ్యాహ్నం దాటిందాకా కదలని జట్కా ఎండ ఎక్కక ముందే తిరిగి పోవడం కూడా చూశాను. ఆ దినం పాత్ర అందుకున్నది మేస్త్రి, పుల్లన్న, ఓబులమ్మ.

తర్వాతి ఆదివారం మావాళ్ళంతా బడి వరండాలో ప్రార్థన పెట్టుకున్నారు. బడి తాళం నా దగ్గర ఉంది. తడుముకోకుండా చదవడమూ నాకే వచ్చు. పుస్తకం పట్టుకోమన్నారు, పట్టుకున్నాను. నాకు మనసు ఒప్పలేదని ఇప్పుడు రాయడం సులభం. ఒప్పింది. అంతమంది నా గొంతు వినడానికి కూర్చోవడం నాకు బాగుండింది. రాను రాను వరండా పక్కన రేకుల షెడ్డు వేశాం. అయ్యగారు కూడా జనం ఉన్న చోటికే రావడం మొదలుపెట్టారు. అదే సంఘమైంది. నాపరాళ్ళ గుడి పాత గుడి అయింది.

కొంతకాలానికి రోడ్డు గ్యాంగులో మనుషులను తగ్గించారు. పుల్లన్నోళ్ళు పులివెందుల దాటి, వేముల దగ్గర ముగ్గురాయి గనిలో పనికి పోయారు. బస్సు ఛార్జీ కుదిరినప్పుడు శనివారమే వచ్చి, మేస్త్రి గదిలో ఉండి, ఆదివారం ప్రార్థన అయినాక తిరిగి పోయేవాళ్ళు. లేదా ఆదివారం పొద్దున బస్సుకు దిగేవాళ్ళు. నెలల తరబడి రాలేని రోజులూ ఉండేవి.

"ఇప్పుడు వాళ్ళు లేరు గదా. ఒంటిగా ఎవురికి చదువుకుంటాండాడు? పోయి పిలుచుకొని రాపో" అని మా మామ నన్ను పంపించాడు. పాత స్నేహితుడు లేని లోటు ఆయనకూ తెలుస్తున్నట్టుంది.

నేను పోయేసరికి మేస్త్రి రోడ్డు పక్క కంకర గుట్ట మీద కూర్చొని జొన్నరొట్టె తింటున్నాడు. నన్ను చూడగానే సగం తుంచి చేతిలో పెట్టాడు.

"పెద్దలు నిన్ను రమ్మంటాండారు పెద్దనాయనా" అన్నాను.

ఆయన ముఖం విప్పారింది. "యాకోబు కూడానా?"

"ఆయనే పంపించినాడు."

"సంతోషం అయివారూ. మీ దాంట్లో పాట ఎవురు ఎత్తుకుంటాండారు?"

"నేనే."

"అట్లయితే అందరికీ అందుతుండాదిలే" అని నవ్వాడు. రొట్టె ముక్క నోట్లో పెట్టుకొని చాలాసేపు నమిలాడు. "పుల్లన్నోళ్ళు వచ్చిన ఆదివారం వస్తా. ముగ్గురం వస్తాం. మీ చాప మీద వాళ్ళకు చోటుందేమో పెద్దల్ని ఒక మాట అడుగు. ఉందంటే ఈ గుడికి తాళం వేసి బీగంచెవి యాకోబు చేతిలో పెడతా."

"లేదంటే?"

"లేదంటే ఈడ తలుపు తీసి పెట్టేదానికి ఒకరుండాల గదా. అంత దూరం బస్సెక్కి వచ్చి, మూసిన తలుపు చూసి తిరిగి పోతారా? వాళ్ళు ఏ వారం వస్తారో నాకు తెలీదు. అందుకని అన్ని వారాలూ ఉండాల."

ఇదీ ఆయన చెప్పింది. ఇందులో రానన్న మాట ఎక్కడా లేదు.

నేను తిరిగి వచ్చేసరికి మా మామ ఎనుముకు దాణా కలుపుతున్నాడు. తల ఎత్తకుండానే "ఏమన్నాడు?" అని అడిగాడు. ఆ మాట నోటిదాకా వచ్చింది. దాన్ని బయట పెడితే అడిగింది మేస్త్రి అయినా, మోసుకొచ్చినవాణ్ణి నేనవుతాను. నువ్వేమంటావని మామ నన్ను అడుగుతాడు. నేనేదో ఒకటి అనాలి. అది అనే ధైర్యం నాకు లేకపోయింది.

"రానన్నాడు మామా."

"నేను అనుకుంటిని. మొండోడు" అన్నాడు మామ. కలిపిన దాణానే మళ్ళీ మొదటి నుంచి కలిపాడు.

మేస్త్రి పని చేసే రోడ్డు మీదనే నేను ప్రొద్దుటూరుకు సైకిల్ మీద పోయి రావాలి. ఆ తర్వాత మొదటిసారి కనబడినప్పుడు పార పక్కన పెట్టి ఎదురొచ్చాడు. "ఏమన్నారు అయివారూ పెద్దలు?"

"ఆలోచిస్తాండారు పెద్దనాయనా."

"ఆలోచించనీ. తొందర పెట్టొద్దు. తొందరలో కాదనేస్తే మళ్ళా తిప్పుకునేది కష్టం."

మళ్ళీ కనబడ్డాడు, మళ్ళీ అడిగాడు. ఆయన అడిగే తీరులో నిష్ఠూరం లేదు. వానొస్తుందా అని అడిగినట్టు అడిగేవాడు. నేను అదే జవాబు చెప్పేవాణ్ణి. కొన్నాళ్ళకు ఆ రోడ్డు వదిలేసి, సైకిల్ తోసుకుంటూ చేలగట్ల మీద పోవడం అలవాటు చేసుకున్నాను.

ఒక ఆదివారం మా ప్రార్థన ముగించుకొని ఆ గట్ల మీదుగా పోతుంటే పాత గుడి వెనక కిటికీలోంచి ఆయన గొంతు వినబడింది. పొద్దున బస్సు వచ్చి పోయినాక గానీ ఆయన మొదలుపెట్టేవాడు కాదు, ఎవరైనా దిగుతారేమోనని. ఆ రోజు ఎవరూ దిగినట్టు లేదు. లోపల ఆయన ఒక్కడే. ప్రార్థన నడిపేవాడు ఒక మాట చెబితే జనం ఒక మాట బదులు చెప్పాలి గదా. ఆయన నిలబడి నడిపేవాడి మాట చెప్పాడు. జనం బదులు చెప్పడానికి పట్టేంతసేపు ఊరుకున్నాడు. తర్వాత చాప మీద కూర్చొని జనం మాట చెప్పాడు. మళ్ళీ లేచాడు. వయసు మీద పడింది, లేచినప్పుడల్లా గోడకు చెయ్యి ఆనించేవాడు. ఆ బదులు మాటలన్నీ నాకు నోటికి వచ్చు. కిటికీ అవతల నిలబడి ఒక్కటీ పలకలేదు.

పుస్తకం మూశాడు. "ఈ వారం ఎవురెవురికి ఏమైందో" అని, ఆగి, తానే చెప్పుకోసాగాడు. గని దుమ్ముకు పుల్లన్న దగ్గుతున్నాడని. యాకోబు మోకాలు వాచిందని బస్సు డ్రైవరు చెప్పాడని. మా సంఘంలో ఫలానావాళ్ళ ఎద్దు చచ్చిందని. రోడ్డు మీద నలుగురినీ అడిగి పోగు చేసుకున్న మా కష్టాలన్నీ అక్కడ ఉన్నాయి. ఆఖరున నా వంతు వచ్చింది. "అయివారికి ఏమో ఇబ్బంది ఉన్నెట్టుంది సామీ. ఈ నడుమ రోడ్డు మీద కనపడ్డంలేదు. చూసుకో."

నేను సైకిల్ తోసుకొని వచ్చేశాను.

ఆయన రోడ్డు మీదనే పడిపోతే, ప్రొద్దుటూరు బస్సు డ్రైవరు ఎక్కించుకొని ఆస్పత్రికి తీసుకుపోయాడు. అక్కడే పోయాడు. సమాధుల దొడ్డికి మా సంఘమంతా వచ్చింది. వేముల నుంచి పుల్లన్న, ఓబులమ్మ వచ్చారు. నేనే పుస్తకం చదివాను. మట్టి పోయడం అయినాక జనం కదులుతుంటే పుల్లన్న నా దగ్గరికి వచ్చాడు.

"అయివారూ, పెద్దలు ఏమన్నా తేల్చినారా? ఆలోచిస్తాండారని మేము వచ్చినప్పుడల్లా చెప్తాండె ఆయప్ప. ఇంగ ఆయప్ప లేడు. మేము ఈ తూరి యాడికి రావాలో తెలిస్తే..."

"నేను వాళ్ళను అడగనే లేదు పుల్లన్నా."

"ఏంది అడగంది?"

"ఆయన అడగమన్న మాట. ఎవరికీ చెప్పలేదు. ఆలోచిస్తాండారన్నది నా అబద్ధం."

పుల్లన్నకు వెంటనే తలకెక్కలేదు. ఓబులమ్మకు ఎక్కింది. "అట్లయితే ఇన్నేండ్లూ ఆయప్ప ఎవురి జవాబు కోసం కాచుకోనుండె?" అంది. గొంతు పెంచలేదు. మొగుడి చెయ్యి పట్టుకొని రోడ్డు వైపు నడిచిపోయింది.

మరునాడు మా మామతో అంతా చెప్పాను. ఆయన కొట్టంలో మంచం మీద కూర్చొని విన్నాడు. "అప్పుడే చెప్పింటే కూడా కాదనే అందుమేమోరా" అన్నాడు చివరికి. కావచ్చు. కానీ కాదన్న మాట వాళ్ళదయ్యేది. మేస్త్రి దాన్ని విని, తన దారి తాను చూసుకునేవాడు. ఏమో, యాకోబు తన స్నేహితుడి కోసం సరే అని ఉండేవాడేమో కూడా. అది తెలుసుకునే వీలు ఇద్దరికీ లేకుండా చేశాను.

"ఇప్పుడు అడుగుతాండా మామా. వాళ్ళకు చోటుందా?"

ఆయన గోడ వైపు చూశాడు. "నలుగుర్నీ అడగాల. చూద్దాం."

ఆ తర్వాతే పత్రిక వచ్చింది. వార్త సమాధి నాడే పంపేశారట. ఆ ఆదివారం షెడ్డులో చదువు అయినాక, ఆ రెండో వాక్యం ఎందుకు అబద్ధమో అందరి ముందరా నిలబడి చెప్పాను. ఆడవాళ్ళ వైపు ఎవరో ముక్కు చీదారు. మగవాళ్ళు చాప పుల్లలు గిల్లుతూ కూర్చున్నారు. "పాట ఎత్తుకో అయివారూ, ఎండెక్కుతాంది" అన్నారు వెనక నుంచి ఒకరు. అక్కడ లేనివాళ్ళకూ తెలియాలని ఇది రాస్తున్నాను. ఆయన సహవాసానికి దూరం కాలేదు. సహవాసం లేచి బడి వరండాలోకి పోయింది. ఆయన్ని పిలిచింది ఒక్కసారే, పలుమార్లు కాదు. దానికి ఆయన వస్తానన్నాడు.

పోయిన ఆదివారం షెడ్డులో చదివే పని ఇంకొకరికి అప్పజెప్పి, పాత గుడి తలుపు తీశాను. ఊడ్చి, చాప పరిచి, పొద్దున బస్సు కోసం కాచుకున్నాను. ఓబులమ్మ ఒక్కతే దిగింది. పుల్లన్న రానన్నాడట. ఆమె వచ్చి, లోపల ఒకసారి చూసి, గడప మీద కూర్చుంది.

"లోపలికి రా అమ్మా, చాప పరిచినా" అన్నాను.

"పెద్దాయన అడిగిన దానికి మీ పెద్దలు ఏమన్నా చెప్పినారా?"

"ఇంకా లేదు."

"చెప్పనీలే అయితే" అని, కాళ్ళు బయటే పెట్టుకొని కొంగు సర్దుకుంది. "నువ్వు చదువు. ఈడికి వినపడుతుంది."